మానసిక జబ్బుకు మందు రెండో నెలలో ఎందుకు ఆగిపోతోంది?

(తెరపై: పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం కనిపించే పటం)

ఒడిశా సరిహద్దులోని తెలుగు కుటుంబాలు కొన్ని మానసిక వైద్యానికి విశాఖ వెళ్తాయి. డాక్టరు చూస్తారు, నెలకు మందులిస్తారు. చిక్కు రెండో నెలలో వస్తుంది. రైలు ఖర్చు, పోయే కూలి, తోడు వెళ్లే మనిషి: ఇవి కుదరక మాత్రలు ఆగుతాయి. జబ్బు తిరగబెడితే ఇంట్లోవాళ్లు మందే పనిచేయలేదనుకుంటారు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 18వ సెక్షన్ ప్రకారం, ప్రభుత్వ అత్యావశ్యక మందుల జాబితాలోని మానసిక మందులు సీహెచ్‌సీ (సామాజిక ఆరోగ్య కేంద్రం) మొదలు పై ప్రభుత్వాసుపత్రులన్నిటిలో ఎప్పుడూ ఉచితంగా దొరకాలి. అందుకే, మందు దగ్గరి సీహెచ్‌సీలో తీసుకునేలా, విశాఖలోనే మందు అసలు పేరు (కంపెనీ పెట్టిన పేరు కాదు), ఎన్ని మిల్లీగ్రాములు, పూటకెన్ని, మళ్లీ ఎప్పుడు చూపించాలి అన్నవి స్పష్టంగా రాయించుకోండి. లిథియం వాడేవాళ్లకు రక్తపరీక్ష తప్పదు. ఆ పరీక్ష మీ దగ్గర జరుగుతుందో లేదో ముందే అడగండి. డిప్రెషన్ మందు పనిచేయడానికి 2 నుంచి 4 వారాలు పడుతుంది. నయమయ్యాక కూడా కనీసం 6 నెలలు వాడాలి.

(తెరపై: స్టాకు రిజిస్టరు)

సీహెచ్‌సీలో మందు ఎందుకుండదు? అసలు సంగతి ఇక్కడుంది. ఉదాహరణకు 40 మందికి రోజుకు రెండేసి రిస్పెరిడోన్ మాత్రలంటే నెలకు 2400 కావాలి. వచ్చినవి 800. అవి పదో రోజుకే అయిపోతాయి. రిజిస్టరులో మాత్రం ‘నెల వాడకం 800’ అని పడుతుంది. దాన్ని చూసి వేసే వచ్చే నెల ఇండెంటూ (మందులు పంపమని పై వాళ్లను అడిగే చీటీ) 800కే. వట్టి చేతులతో వెనక్కి వెళ్లినవాళ్లు ఆ లెక్కలో ఎక్కడా కనిపించరు. ఫార్మసిస్టు చేయాల్సింది చిన్నదే: వాడకాన్ని మందు ఉన్న రోజులతో భాగించి 30తో హెచ్చించాలి. 800ను 10తో భాగించి 30తో హెచ్చిస్తే 2400.

కవరు మీద ఒడియాలో రాసిస్తే చదవలేనివాళ్లుంటారు. పొద్దుటి మాత్రకు సూర్యుడు, రాత్రి మాత్రకు చంద్రుడు గీసివ్వమనండి. తేదీ దాటి వారమైనా రాని మనిషి పేరు ఆశా కార్యకర్తకు చేరాలి. అయితే జబ్బు వివరం ఊళ్లో బయటపడకూడదు. అది రోగి హక్కు. ఈలోగా ఇబ్బంది ముదిరితే 14416 టెలీ మానస్‌కు చేయండి. రాత్రయినా పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు.

రోగి కల్యాణ్ సమితి (ఆసుపత్రి నిర్వహణ చూసే కమిటీ) సమావేశంలో అడగాల్సినవి రెండు: నెలనెలా మందు తీసుకునే రోగులెందరు? పోయిన మూడు నెలల్లో ఏ మందు ఎన్ని రోజులు లేదు?