బెజవాడలో మసాజ్‌కి ఎంత పెట్టొచ్చు? దయచేసి డాలర్లలో లెక్కేయకండి

హాయ్ అండి అందరికీ, ఎలా ఉన్నారు? వెనకాల కనిపిస్తున్నది పటమటలో మా అమ్మావాళ్ళ డాబా, టైమ్ పొద్దున్న ఆరున్నర, నాకు మాత్రం ఇంకా నిద్ర టైమ్ సెట్ అవ్వలేదు, డాలస్‌కీ మనకీ ఇప్పుడు చలికాలంలో పదకొండున్నర గంటలు తేడా కదా, రాత్రి రెండింటికే లేచి కూర్చుంటున్నా. పోయిన వీడియో కింద చాలామంది అడిగారు, అక్కా మెడ నొప్పి అన్నావు కదా మసాజ్ ఎక్కడ చేయించుకున్నావు, ఎంతయ్యింది, డబ్బులకి తగ్గట్టు ఉందా అని. సెంటర్ల పేర్లు చెప్పను అండి, ఎలా చూసుకోవాలో మాత్రం మొత్తం చెప్తా, ఎందుకంటే పేరు తెలిసినంత మాత్రాన మీకు ఆ రోజు ఎవరు చేస్తారో తెలీదు కదా.

డాలస్ నుంచి దోహా, దోహా నుంచి హైదరాబాద్, అక్కడ్నుంచి కార్లో 275 కిలోమీటర్లు. ఇంటికొచ్చేసరికి కుడి పక్క మెడ పట్టేసింది, ఎవరన్నా పిలిస్తే మనిషి మనిషంతా తిరిగి చూడాల్సొచ్చేది. అమ్మ నువ్వుల నూనె వేడి చేసి రాసింది, ఉప్పు మూటతో కాపడం పెట్టింది, కాస్త తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. సరే అని మూడో రోజు బెంజ్ సర్కిల్ వైపు ఒక పెద్ద స్పాకి వెళ్ళాను. అద్దాల తలుపు, లోపల నిమ్మగడ్డి వాసన, కూర్చోగానే గ్లాసులో ఏదో గ్రీన్ టీ. మెనూ కార్డులో స్వీడిష్, బాలినీస్, థాయ్, డీప్ టిష్యూ అన్నీ ఉన్నాయి, 60 నిమిషాలకి 2,500, కింద చిన్న అక్షరాల్లో 18 శాతం ట్యాక్స్ అదనం అని ఉంది.

అసలు విషయం ఇక్కడే ఉంది అండి. కార్డు చూడగానే నా బుర్ర దానంతటదే 30 డాలర్లు కూడా లేదు కదా అని లెక్కేసేసింది. అక్కడ మా ఏరియాలో గంట మసాజ్‌కి నేను ఇచ్చేది 110 డాలర్లు, దాని మీద 20 శాతం టిప్ 22, మొత్తం 132. అలా మార్చి చూసుకుంటే బెజవాడలో ప్రతీదీ చవకే అనిపిస్తుంది, బాలేనిది కూడా చవకే అనిపిస్తుంది, అప్పుడు మనం అడగాల్సిన ప్రశ్న ఒక్కటి కూడా అడగం. మన ఊళ్ళో మనవాళ్ళు కష్టపడి సంపాదించుకునే రూపాయి విలువతో చూడాలి అండి, నేను మనసారా చెప్తున్నా.

ఆ రోజు ఒక్క ట్యాక్స్ విషయంలో మాత్రం ఆగి అడిగాను, ఎందుకంటే 2025 సెప్టెంబర్ 22 నుంచి సెలూన్లు, స్పాలు, జిమ్ముల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి దిగింది. మా తమ్ముడు అకౌంట్స్‌లో చేస్తాడు, వాడు ముందే చెప్పి పంపాడు. రిసెప్షన్ అమ్మాయిని అడిగితే "మేడమ్, కార్డు పాతది, ప్రింటింగ్‌కి ఇచ్చాం" అంది, బిల్లు మాత్రం 2,950 కొట్టబోయి మళ్ళీ 2,625 చేసింది. 325 రూపాయలు తేడా. అమ్మాయి తప్పు కాదు పాపం, తనకి అలా చెప్పిపెట్టారు, అందుకే గట్టిగా మాట్లాడలేదు, బిల్లు సరిచేయించుకున్నానంతే. మీరు కూడా బిల్లు మీద జీఎస్టీ నంబరు ఉందా, ఎంత శాతం వేశారు అన్నది చూసుకోండి. ఏడాదికి 20 లక్షల లోపు వ్యాపారం చేసుకునే చిన్న సెంటర్ అయితే మామూలుగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ లేనివాళ్ళు ట్యాక్స్ పేరుతో మన దగ్గర తీసుకోకూడదు కూడా.

ఇక లోపలికి వెళ్ళాక, బట్టలు మార్చుకోడానికి, కాళ్ళు కడగడానికి కలిపి పది నిమిషాలు, చివర్లో వేడి టవల్, స్నానం ఇంకో పది. గోడ గడియారం చూసుకుంటే మనిషి చెయ్యి నా ఒంటి మీద ఉన్నది 40 నిమిషాలు. అంటే 2,625ని 40తో భాగిస్తే నిమిషానికి 65 రూపాయల పైనే. అప్పట్నుంచీ నేను ఈ లెక్కే వేస్తున్నా అండి, కార్డు మీద గంట అని రాసినా గంటన్నర అని రాసినా నాకు అనవసరం, చెయ్యి ఎన్ని నిమిషాలు పడుతుంది అని ముందే అడుగుతున్నా. అమెరికాలో కూడా చాలా చోట్ల గంట అంటే 50 నిమిషాలే ఇస్తారు, కాకపోతే అది ముందే చెప్తారు.

ఇంకో సంగతి, నేను అడిగింది థాయ్, చేసింది ఆయిల్ మసాజ్. థాయ్ మసాజ్ అంటే నూనె ఉండదు, వదులు బట్టలు వేసుకుని కింద పరుపు మీద పడుకుంటే కీళ్ళు సాగదీస్తూ, బొటనవేళ్ళతోనూ మోచేతులతోనూ నొక్కుకుంటూ వెళ్తారు. రెండేళ్ళ క్రితం మేం బ్యాంకాక్ వెళ్ళినప్పుడు చూశాను, వాట్ ఫో గుడి దగ్గర దాన్ని నేర్పే స్కూలే ఉంది, 2019లో యునెస్కో వారసత్వ జాబితాలో కూడా చేర్చారు. అక్కడ నాకు నచ్చింది ఏంటంటే షాపు బయట బోర్డు మీద నిమిషాలు, రేటు రాసి పెడతారు, లోపలికి వెళ్ళాక మారదు. ఇక్కడ పేర్లు నాలుగు ఉన్నా చేసే చెయ్యి ఒకటే, చేసే పద్ధతీ ఒకటే, రేటు మాత్రం పేరుని బట్టి మారుతోంది. అందుకని తేడా ఏంటి అని అడగండి, చెప్పలేకపోతే అన్నిటికన్నా తక్కువ రేటుది తీసుకోండి.

బయటికొచ్చాక ప్యాకేజ్ గోల. ఐదు సిట్టింగులు 9,999, ఇవాళే తీసుకుంటే ఆఫర్. నేనుండేది మూడు వారాలు, అందులో పెళ్ళి ఒకటి, తిరుపతి ఒకటి, ఎప్పుడు వాడతాను? మనలాగా సెలవుకి వచ్చేవాళ్ళు ముందే డబ్బు కట్టే స్కీముల జోలికి వెళ్ళొద్దు, ఒక్కసారికి కట్టండి, బావుంటే మళ్ళీ వెళ్ళండి.

ఇంటికొచ్చి చెప్తే అమ్మ ముఖం అదోలా పెట్టింది. డబ్బుల గురించి కాదు. "మసాజ్ సెంటర్లంటే పేపర్లో ఏవేవో వస్తుంటాయే, ఒక్కదానివీ వెళ్ళొచ్చావా" అంది. అమ్మ భయంలో తప్పు లేదు అండి, ఆడవాళ్ళకి ఆడవాళ్ళే చేస్తారా, లోపల గొళ్ళెం ఉందా, బోర్డు మీద డాక్టర్ పేరూ చదువూ ఉన్నాయా, ఇవన్నీ రేటు కన్నా ముందు చూసుకోవాల్సినవే. అప్పుడు పిన్ని చెప్పింది, మొగల్రాజపురంలో ఒక ఆయుర్వేదం డాక్టర్ గారు ఉన్నారు, ఇంటి కింద పోర్షన్‌లోనే చూస్తారు, ఆడ డాక్టరే అని. మన బెజవాడలోనే నోరి రామశాస్త్రి గారి పేరు మీద ప్రభుత్వ ఆయుర్వేద కాలేజీ ఉంది కదా, ఆవిడ అక్కడే చదువుకున్నారట.

ఈసారి అమ్మని కూడా తీసుకెళ్ళాను. అమ్మకి మోకాళ్ళు, నాకు మెడ. వెళ్ళగానే మసాజ్ చెయ్యలేదు, డాక్టర్ గారు ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి మాట్లాడారు, ఫీజు 300. బీపీ చూశారు, ఏ మందులు వాడుతున్నాం అని అడిగారు, రక్తం పలచబడే మాత్రలు ఉంటే చెప్పండి అన్నారు. తర్వాత నన్నొక మాట అడిగారు, "అమ్మా, అంతసేపు ఫ్లైట్‌లో కూర్చున్నావు కదా, ఏదన్నా ఒక పిక్క వాచిందా, పట్టుకుంటే వేడిగా ఉందా?" అని. ఇది దయచేసి అందరూ గుర్తుపెట్టుకోండి. చాలాసేపు కదలకుండా కూర్చున్నప్పుడు కాళ్ళ రక్తనాళాల్లో రక్తం గడ్డ కట్టే ప్రమాదం ఉంటుంది, అలాంటి కాలుని నొక్కితే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళొచ్చు, ప్రాణం మీదకొస్తుంది. ఒక్క కాలే వాచి నొప్పిగా ఉంటే మసాజ్ కాదు, వెంటనే హాస్పిటల్‌కి వెళ్ళాలి. 2,625 తీసుకున్న చోట ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. నా లెక్కలో ఆ 300 అక్కడే గిట్టుబాటు అయిపోయింది.

అభ్యంగనం 1,500. గది చిన్నది, ఏసీ కూడా లేదు, ఫ్యాన్ ఆపేశారు, చలిగాలి తగలకూడదంట. మధ్యలో పెద్ద చెక్క బల్ల, చుట్టూ అంచు, నూనె కారిపోవడానికి గాడి, ఏళ్ళ తరబడి నూనె తాగి తాగి ఆ చెక్క నల్లగా నున్నగా ఉంది. పక్కన స్టవ్ మీద గిన్నెలో నీళ్ళు, అందులో ఇత్తడి గిన్నెలో తైలం. సీసా చూపించమంటే చూపించారు, ధన్వంతరం తైలం, మూత సీలు నా ముందే తీశారు. ఇద్దరమ్మాయిలు, ఒకరిది పాలక్కాడ్, ఒకరిది మన నూజివీడు. బల్లకి అటొకరు ఇటొకరు నిలబడి, భుజం దగ్గర మొదలుపెట్టి వేళ్ళ దాకా, మళ్ళీ వెనక్కి, నాలుగు చేతులూ ఒకేసారి ఒకే వేగంతో కదులుతాయి, కీళ్ళ దగ్గరకి రాగానే గుండ్రంగా తిప్పుతారు. పాలక్కాడ్ అమ్మాయి "చేచీ (మలయాళంలో అక్కా అని), గట్టిగా వద్దా?" అని అడిగింది, కుడి మెడ కింద ఒక ముడి లాంటిది తన బొటనవేలికి తగిలింది, అక్కడ ఆగిపోయింది. గబగబా రుద్దలేదు. వేలు అలాగే పెట్టి నన్ను నెమ్మదిగా ఊపిరి వదలమంది, మళ్ళీ కొంచెం నొక్కింది, మూడు నాలుగు సార్లు అలా చేశాక ఏదో తాడు వదులైనట్టు అయ్యింది. తర్వాత ఆవిరి పెట్టెలో పది నిమిషాలు, తల మాత్రం బయటికి ఉంటుంది. ఒంటికి సున్నిపిండి, తలకి కుంకుడుకాయ రసం వాళ్ళే ఇచ్చారు.

చెయ్యి పడింది 45 నిమిషాలు. ఫీజుతో కలిపి 1,800, అంటే నిమిషానికి 40, అదీ ఇద్దరు చేశారు. డాక్టర్ చూసి రాసిన వైద్యం కాబట్టి జీఎస్టీ లేదు. శిరోధార కూడా ఉంది, 2,200 అన్నారు, ఎందుకంత అంటే నుదుటి మీద ధారగా పోయడానికి లీటరుకి పైనే తైలం పడుతుందట, అందుకే ఎక్కడైనా అది ఖరీదు. ఎవరన్నా మరీ చవగ్గా చేస్తామంటే ఆ నూనె కొత్తదా, ఇంకొకరికి వాడిందా అని కచ్చితంగా అడగండి. నాకు నిద్ర పడుతుందేమో అని ఆశ పుట్టింది గానీ డాక్టర్ గారే వద్దన్నారు, ముందు మెడ చూద్దాం, రెండు రోజులాగి చెప్పు అన్నారు. అమ్మేవాళ్ళు అలా అనరు కదండి.

టిప్ సంగతి. అక్కడ 20 శాతం అలవాటు కదా, ఇక్కడ ఎవరూ అడగరు. నేను ఇద్దరికీ చెరో 200 ఇచ్చాను, కౌంటర్‌లో కాదు, వాళ్ళ చేతికే. స్పాలో బిల్లుతో కలిపి తీసుకుంటామంటే అది చేసినమ్మాయికి చేరుతుందా అని నేను అడుగుతాను, అడగడం మన బాధ్యత అనే నా ఉద్దేశం, గంటసేపు నిలబడి ఒళ్ళు నొక్కడం ఎంత కష్టమో మన అమ్మకి ఒక్క పది నిమిషాలు కాళ్ళు నొక్కి చూస్తే తెలుస్తుంది.

నాన్న పద్ధతి వేరు. గవర్నర్‌పేటలో ముప్ఫై ఏళ్ళుగా వెళ్ళే సెలూన్, కటింగ్ అయ్యాక తల మసాజ్ 100 రూపాయలు, పదిహేను నిమిషాలు. నిమిషానికి ఏడు రూపాయలు కూడా పడదు, మా ఇంట్లో అందరికన్నా బాగా గిట్టుబాటు చేసుకునేది నాన్నే. ఒక్కటి మాత్రం నేను దగ్గరుండి ఆపించాను, చివర్లో తల పట్టుకుని టక్కున మెడ విరుస్తారు చూడండి, అది. అలా విరిచినప్పుడు మెడలో రక్తనాళం లోపలి పొర చిరిగి పక్షవాతం వచ్చిన కేసులు ఉన్నాయి. "బాబాయ్ గారూ, అదొక్కటీ వద్దండి" అంటే ఆయన కూడా ఏమీ అనుకోలేదు, "మీ ఇష్టమమ్మా" అని ఇంకో రెండు నిమిషాలు భుజాలు నొక్కి పంపించారు.

ఇక అమ్మ. తన వంతు అయ్యాక బయటికి రాలేదు, ఏంటా అని లోపలికి వెళ్ళి చూస్తే ఆ బల్ల మీదే నిద్రపోయింది, మోకాళ్ళ చుట్టూ తైలంలో ముంచిన గుడ్డలు, ఆ అమ్మాయిలిద్దరూ చప్పుడు చెయ్యకుండా గిన్నెలు సర్దుకుంటున్నారు. మా ఇద్దరు పిల్లలకీ నెలల తరబడి నలుగు పెట్టి స్నానం చేయించింది అమ్మే, తనకి ఎవరన్నా నూనె రాయడం నేనైతే చూడలేదు. లేపలేదు, పావుగంట అక్కడే కూర్చున్నా. దార్లో ఆటోలో ఏమీ మాట్లాడలేదు, ఇంటికొచ్చి కాఫీ కలుపుతూ అడిగింది, "ఏడు రోజులు వరసగా వెళ్తే ఆవిడ ఏమన్నా తగ్గిస్తుందేమో ఫోన్ చేసి అడగవే, ఫీజు 300 మళ్ళీ మళ్ళీ తీసుకోదుగా?" అని. డాక్టర్ గారికి ఫోన్ చేశాను, ఫీజు మళ్ళీ అక్కర్లేదన్నారు, మోకాళ్ళ వరకే అయితే రోజుకి 600, ఏ రోజు డబ్బులు ఆ రోజే ఇవ్వండి అన్నారు. రేపు పదిన్నరకి రెండో రోజు, ఆటో కూడా మాట్లాడుకుంది.