కిరాయిలో రాయని పద్దు

శ్రోతలకు నమస్కారం.

పలమనేరు దాటి చిత్తూరు వైపు వస్తుంటే మొగిలి ఘాట్ తగులుతుంది. రోడ్డు ఎంత వెడల్పు చేసినా దిగుడు దిగుడే. ఈసారి ఆ దారిన వచ్చినప్పుడు లోడుతో దిగే లారీల చప్పుడు వినండి. కొన్ని గేరులో మూలుగుతూ మెల్లగా దిగుతాయి. కొన్ని పెద్దగా చప్పుడు చేయకుండా జారిపోతుంటాయి. ఆ రెండో రకం బండ్లలో గేరు న్యూట్రల్‌లో ఉండే అవకాశం ఎక్కువ. గేరులో ఉన్నంతసేపు ఇంజనే బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది. న్యూట్రల్ చేశారా, ఆ పట్టు పోయి భారమంతా బ్రేకుల మీద పడుతుంది. అదే పనిగా తొక్కి పట్టిన బ్రేకు డ్రమ్ములు వేడెక్కి, ఒక దశ దాటాక ఎంత తొక్కినా పట్టవు. బ్రేకులు ఫెయిలయ్యాయని మర్నాడు పేపర్లో వచ్చే వార్తలు కొన్నింటికి మూలం ఇక్కడుంది.

అంత ప్రమాదమని తెలిసీ న్యూట్రల్ ఎందుకు చేస్తారు? డీజిల్ మిగులుతుందని. మిగిలితే ఎవరికి? చాలా బండ్లలో డ్రైవర్‌కే. ట్రిప్పుకింత అని ఓనర్ మొత్తంగా చేతికిస్తాడు. డీజిలు, తిండి, పట్ట కట్టిన కూలి, దారిలో మామూళ్లు, అన్నీ అందులోనే. దిగాక జేబులో మిగిలిందే ఆ ట్రిప్పు సంపాదన. నెల జీతం ఉన్నచోట కూడా అది నామమాత్రం, ఇల్లు నడిచేది బత్తా మీదే. ఇందులో ఇంకో విడ్డూరం ఉంది. ఇప్పటి ఇంజన్లలో గేరులో ఉంచి యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేస్తే డీజిల్ సరఫరా దానంతటదే ఆగుతుంది. న్యూట్రల్‌లో అయితే ఇంజన్ తిరగడానికి కొంత తాగుతూనే ఉంటుంది. అంటే ప్రాణానికి తెగించి చేసే ఆ పొదుపు కూడా ఉత్తదే. ఆ ముక్క కూర్చోబెట్టి చెప్పేవాళ్లు ఎవరూ లేరు. స్టీరింగ్ పట్టుకోవడం క్లీనర్‌గా ఉన్నప్పుడు నేర్చుకున్నదే, న్యూట్రల్ చేయడమూ అప్పుడు నేర్చుకున్నదే.

డ్రైవర్ నిర్లక్ష్యం అనేస్తే మాట అక్కడితో అయిపోతుంది. నేను మాట్లాడాలనుకున్నది ఆ నిర్లక్ష్యం వెనకున్న కూలి లెక్క గురించి. ఆ లెక్క ఇలా తయారవడానికి ప్రభుత్వాలు నియంత్రణ ఎక్కడ వదిలేశాయి, ఎక్కడ వదలకుండా ఉండాల్సింది అన్నదాని గురించి.

ఈ కథ ముందు అమెరికాలో నడిచింది. అక్కడ 1935లో ఒక చట్టం తెచ్చి లారీ రవాణాను ఇంటర్‌స్టేట్ కామర్స్ కమిషన్ అనే ప్రభుత్వ నియంత్రణ సంస్థ చేతికిచ్చారు. కొత్తగా ఎవరైనా రవాణా వ్యాపారం పెట్టాలంటే ఆ రూటులో తన అవసరం ఉందని రుజువు చేసుకోవాలి. ఉన్న కంపెనీలు అభ్యంతరం చెప్పొచ్చు. కిరాయి రేట్లు కంపెనీలన్నీ కూర్చుని అనుకుంటే కమిషన్ ఒప్పుకునేది. కూరగాయలు, పండ్ల లాంటి పంట సరుకును మాత్రం ఈ చట్టం మొదటి నుంచీ బయటే ఉంచింది. టమోటా లారీ అక్కడా స్వేచ్ఛాజీవే అన్నమాట. మిగతా రవాణాలో డ్రైవర్లకు గట్టి యూనియన్ ఉండేది, మంచి జీతాలుండేవి. పోటీ లేదు గనక కిరాయిలూ ఎక్కువే. కొన్ని పర్మిట్లకు పోయేటప్పుడు లోడుంటే వచ్చేటప్పుడు ఖాళీ బండే గతి. ఇదంతా దండగని చాలామందికి అనిపించింది, ఆ మాట అబద్ధం కాదు. 1980 జులై 1న ఆ నియంత్రణను సడలించే చట్టం మీద అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకంతో తలుపులు తెరుచుకున్నాయి.

పదేళ్లు తిరిగేసరికి లైసెన్సున్న కంపెనీలు రెట్టింపు దాటాయి. కిరాయిలు తగ్గాయి, ఖాళీ ప్రయాణాలు తగ్గాయి, వ్యాపారులకు మేలు జరిగింది. ఆ తగ్గిన కిరాయి ఎక్కడి నుంచి వచ్చిందని చూస్తే, చాలా భాగం డ్రైవర్ దగ్గర తేలుతుంది. పాత కంపెనీలు ఎన్నో మూతపడ్డాయి, యూనియన్లు చిక్కిపోయాయి, పెరిగే ధరలతో పోలిస్తే జీతాలు పడిపోయాయి. దూరాలు తోలేవాళ్లకు కూలి మైలుకింత అని కడతారు. చక్రం తిరిగితేనే డబ్బు. వారానికి 40 గంటలు దాటితే ఒకటిన్నర రెట్లు కూలి ఇవ్వాలన్న వాళ్ల 1938 నాటి చట్టం, రాష్ట్రాలు దాటి తిరిగే ట్రక్కు డ్రైవర్లకు వర్తించదు. పెద్ద కంపెనీల్లో ఒక్క ఏడాదిలో పని మానేసి పోయేవాళ్లు నూటికి 90 దాటిన సంవత్సరాలున్నాయి. జనం దొరకడం లేదని ఆ కంపెనీలే మళ్లీ వాపోతుంటాయి!

అలాగని 1980 తర్వాత అమెరికా రోడ్లన్నీ రక్తసిక్తమయ్యాయని చెప్పను. బండ్లు, రోడ్లు మెరుగయ్యాయి, గంటల నిబంధనలు ఉండనే ఉన్నాయి. 14 గంటల డ్యూటీలో 11 గంటలకు మించి తోలకూడదు. 2017 చివరి నుంచి చాలా బండ్లలో ఆ లెక్క రాసే ఎలక్ట్రానిక్ మీటర్ తప్పనిసరి. ఐతే కూలికీ ప్రమాదానికీ ఉన్న ముడి మాత్రం చాలాసార్లు బయటపడింది. జె.బి. హంట్ అనే పెద్ద కంపెనీ 1997లో జీతాలు దాదాపు మూడో వంతు పెంచింది. అనుభవమున్న డ్రైవర్లు వచ్చి చేరారు, మానేసేవాళ్లు తగ్గారు, ప్రమాదాలూ బాగా తగ్గాయి.

ఇక మన సంగతి. 1939 నాటి మోటారు చట్టం పోయి, 1988 చట్టం 1989 జులై నుంచి అమల్లోకి వచ్చాక లారీ పర్మిట్లు తేలికయ్యాయి. ఫైనాన్స్ దొరికితే బండి కొనొచ్చు. మన జిల్లాలో క్లీనర్‌గా మొదలై ఓనరైన వాళ్లు కనిపిస్తారంటే అది ఆ స్వేచ్ఛ చలవే, కాదనను. మరో పక్క ఎక్కువ లారీలు ఒకటీ రెండూ, మహా అయితే నాలుగైదు బండ్లున్న చిన్న ఓనర్ల చేతిలో ఉన్నాయి. వాళ్లకు కంతు కట్టే తేదీ ఆగదు. ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో బ్రోకర్ చెప్పిన కిరాయికి ఈయన ఒప్పుకోకపోతే వెనక ఇంకో బండి సిద్ధం. 2014 అక్టోబరులో డీజిల్ ధర మీద ప్రభుత్వ నియంత్రణ ఎత్తేశారు, 2017 జూన్ నుంచి అది రోజూ మారే ధర అయింది. డీజిల్ తగ్గించుకోలేడు, టోల్ తగ్గించుకోలేడు, కంతు తగ్గించుకోలేడు. ఓనర్ తగ్గించుకోగలిగింది క్లీనర్‌నీ, డ్రైవర్ నిద్రనీ. క్లీనర్ లేకుండా దూరాలు పోయే బండ్లు ఇప్పుడు ఎన్ని ఉన్నాయో ఏ టీ కొట్టు దగ్గర చూసినా తెలుస్తుంది. రివర్స్ చెప్పేవాడు లేడు, నిద్ర పట్టకుండా కబుర్లు చెప్పేవాడు లేడు.

2018 సంగతి మాత్రం కాస్త ఆగి చెప్పాలి. ఆ జులైలో సరుకు బండ్లు మోయగల బరువు పరిమితిని సుమారు 20 నుంచి 25 శాతం పెంచారు. ఉన్న బండ్లే ఎక్కువ మోయగలిగితే కిరాయి ఎటు పోతుందో చెప్పక్కర్లేదు. అదే ఏడాది చివర్లో, దేశమంతా తిరగడానికిచ్చే నేషనల్ పర్మిట్ ఉన్న బండికి ఇద్దరు డ్రైవర్లుండాలన్న నిబంధన తీసేశారు. దాన్ని ఎవరూ సరిగ్గా పాటించలేదు, అది లంచాలకే పనికొచ్చిందన్న వాదనలో నిజముంది. కానీ పాటించని నిబంధనను పాటించేలా చేయడం ఒక దారి, తీసేయడం ఇంకో దారి. మనం తేలికైనది పట్టాం.

పని గంటలకు చట్టమే లేదా అంటే, ఉంది. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలంది. దూర ప్రయాణాలకు రోజుకు 10 గంటల దాకా సడలింపిచ్చింది. ఐదు గంటలు పనిచేశాక కనీసం అరగంట విశ్రాంతి ఉండాలంది. 2020 నాటి కొత్త లేబర్ కోడ్‌లో దాన్ని కలిపేశారు. ఐదుగురు, అంతకు మించి కార్మికులున్న సంస్థలకే ఆ 1961 చట్టం వర్తించేది. ఇంతకుముందు చెప్పిన చిన్న ఓనర్లను గుర్తు తెచ్చుకోండి. ఆ చట్టం గేటు దగ్గరే వాళ్ల డ్రైవర్లు బయట ఉండిపోయారు. అదే మొగిలి ఘాట్‌లో అదే రాత్రి ఆర్టీసీ బస్సు తోలే ఆయనకు డ్యూటీ చార్టు ఉంటుంది, డిపో ఉంటుంది, మాట్లాడే యూనియన్ ఉంటుంది. లారీ తోలే ఆయనకు ఫోన్ ఉంటుంది. "ఎక్కడున్నావు? ఇంకా రాలేదా?" అని ఆగకుండా మోగే ఫోన్.

వేగం గురించి మన తిరుపతి వాళ్లకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. తిరుమల ఘాట్ రోడ్డులో బండి బయల్దేరిన టైము చీటీ మీద పడుతుంది. ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు పట్టాలని టీటీడీ పెట్టిన లెక్క. అంతకంటే ముందొచ్చారా, టోల్‌గేటులో జవాబు చెప్పుకోవాలి. హైవే మీద లారీ లెక్క దీనికి తలకిందులు. లేటుగా వస్తే కిరాయిలో కోత, త్వరగా వస్తే మెప్పు. మొదటి పద్ధతిలో తొందరపడి ప్రయోజనం లేదు గనక మనిషి తొందరపడడు. రెండోదాంట్లో డ్రైవర్ ఎంత బుద్ధిమంతుడైనా కాలు యాక్సిలరేటర్ మీదికే పోతుంది.

ఆ తొందర కూడా చాలాసార్లు రోడ్డు మీద పుట్టింది కాదు. మామిడి సీజన్‌లో చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి లోడు ట్రాక్టర్లు, లారీలు బారులు తీరడం మీరు చూసే ఉంటారు. 2025లో ధర పడిపోయినప్పుడు ఆ వరుసలు మరీ పొడవయ్యాయి. రైతు బాధ పేపర్లో వచ్చింది, రావాల్సిందే. స్టీరింగ్ మీద తల వాల్చి వరుస కదిలినప్పుడల్లా లేచి బండిని నాలుగడుగులు ముందుకు తోసేవాడికి అది నిద్రా కాదు, పనీ కాదు, కూలీ లేదు. బండి ఆగినందుకు కట్టే హాల్టింగ్ అనే పద్దు ఒప్పందంలో ఉన్నా, అది వస్తే ఓనర్ దాకా వస్తుంది. డ్రైవర్ దాకా రావడం అరుదు. గేటు దాటాక పోయిన టైమును అతను రోడ్డు మీద రాబట్టుకోవాలి. ఇది ఊహ కాదు. అమెరికా రవాణా శాఖ తనిఖీ విభాగం 2018లో లెక్క కట్టి చెప్పింది: లోడింగ్, అన్‌లోడింగ్ చోట బండి ఆగే సగటు సమయం 15 నిమిషాలు పెరిగితే, ప్రమాదాల రేటు సగటున 6.2 శాతం పెరుగుతుందని. మన దగ్గర నిరీక్షణ నిమిషాల్లో ఉండదు, రాత్రుల్లో ఉంటుంది.

ఈమధ్య మంచి మాటా ఒకటి వచ్చింది. 2025 అక్టోబరు నుంచి తయారయ్యే పెద్ద లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి చేశారు. రేణిగుంట ఎండలో ఇంజన్ పక్కన కూర్చునేవాళ్లకు అది చిన్న సంగతి కాదు. డీజిల్ ఖర్చు తన జేబులోంచి పోయేటప్పుడు ఎంతమంది ఆ స్విచ్ వేస్తారన్నది వేరే సంగతి.

కనీస కిరాయి పెడితే సరిపోదా అని అడగొచ్చు. ఆస్ట్రేలియాలో 2012లో అందుకోసం ఒక ట్రిబ్యునల్ పెట్టారు. అది ఖరారు చేసిన రేట్లకు మాకు లోడు ఎవరిస్తారని సొంత బండి తోలుకునే చిన్నవాళ్లే రోడ్డెక్కారు, 2016లో దాన్ని రద్దు చేశారు. పైనుంచి రేటు కట్టేయడం అంత తేలిక కాదని నాకూ తెలుసు.

నిరీక్షణకు ధర కట్టడం అంతకంటే తేలిక. నేషనల్ పర్మిట్‌తో వచ్చే కొత్త లారీలో బండి ఎక్కడుందో చూపే పరికరం ఉంటుంది. కాటా చీటీ మీద లోడుతో ఎక్కిన టైము, ఖాళీ అయి ఎక్కిన టైము రెండూ ప్రింటవుతాయి. గేటు బయట ఎంతసేపు ఆగిందో ఫోన్ చూసి చెప్పగలిగిన ఆఫీసు, అవే గంటలను కిరాయి బిల్లులో వేరే వరసగా రాసి, అందులో డ్రైవర్ వాటా ఎంతో లోడెత్తేముందే తేల్చవచ్చు. గంటకు డబ్బు పోతుందంటే ఏ ఫ్యాక్టరీ అయినా వచ్చే బండ్లకు టైములిచ్చి పిలుస్తుంది. దీనికి ఢిల్లీ దాకా పోనక్కర్లేదు. రేపు సీజన్ రాకముందే ఫ్యాక్టరీల వాళ్లు, లారీ ఓనర్ల సంఘం, రవాణా శాఖ, కార్మిక శాఖ చిత్తూరు కలెక్టరాఫీసులో ఒక పూట కూర్చుంటే చాలు. ఆ బల్ల దగ్గర డ్రైవర్లకు కూడా రెండు కుర్చీలు వేయాలి.

నమస్కారం.