యాడ నిలబడి తీసినావు పాపా?

[తెర మీద: కొండారెడ్డి బురుజు ఫోటో. ఆకాశం సున్నం కొట్టినట్టు తెల్లగా, బురుజు బొగ్గులాగా నల్లగా.]

నమస్తే. ఈ ఫోటో నేనే తీశాను, నవ్వకండి. కొత్త ఫోన్ కొన్న వారంలో తీసింది. స్టేటస్ పెడితే ముప్పై మంది దాకా "సూపర్" అన్నారు. ఒక్కరు మాత్రం కాల్ చేశారు. మా వీధి చివర ఉండే లెక్కల టీచర్. హలో కూడా లేదు, "యాడ నిలబడి తీసినావు పాపా?" అన్నారు.

ఏ ఫోను, ఎన్ని మెగాపిక్సెల్స్ అని అడుగుతారేమో అనుకున్నా. ఆటోలు ఆగే చోట అన్నా. ఎన్ని గంటలకు అన్నారు. మిట్టమధ్యాహ్నం అన్నా. "రేపు సాయంత్రం ఐదుకు అదే తావుకు రా, నేనూ వస్తా" అని పెట్టేశారు.

కర్నూలులో ఇట్లాంటివాళ్లు కొందరున్నారు. ఫోటోలు వాళ్లకు ఉద్యోగం కాదు. పెళ్లిళ్లకు పోరు, ఆల్బమ్‌లు కొట్టరు. జీతం ఇంకోచోట వస్తుంది, ఆదివారం మాత్రం కెమెరాతో గడుస్తుంది. అమెచ్యూర్ అంటే మన దగ్గర "ఇంకా సరిగ్గా రానోడు" అనే అర్థం స్థిరపడిపోయింది కానీ, ఆ మాట పుట్టిన లాటిన్‌లో దానికి అర్థం ప్రేమించేవాడు అని. నాకు ఫోటోగ్రఫీ వచ్చినంత వరకూ వాళ్ల దగ్గరే వచ్చింది. వాళ్లు ఎట్లా నేర్పుతారో చూపిస్తే మీకూ పనికొస్తుందని ఈ వీడియో.

[తెర మీద: అదే బురుజు, సాయంత్రం ఐదున్నర. పక్క నుంచి ఎండ పడి రాళ్ల మధ్య సందులు కూడా కనిపిస్తున్నాయి.]

మరుసటి రోజు టీచర్ నన్ను నిలబెట్టింది పాత చోటుకు నలభై అడుగుల పక్కన. సూర్యుడు బురుజు వెనక కాకుండా నా భుజం పక్కకు వచ్చాడు, అంతే తేడా. మరి మొదటి ఫోటో ఎందుకు నల్లబడింది? దానికి ఆమె నన్ను కేసీ కాలువ గట్టుకు తీసుకుపోయి ఎనుములను చూపించారు. లెక్కల టీచర్ కదా, ఉదాహరణ లేకుండా సూత్రం చెప్పరు.

కెమెరాకు ఎదురుగా బురుజు ఉందో ఎనుము ఉందో తెలియదు. ఎంత వెలుతురు వస్తోందో మాత్రం తెలుసు. ఫ్రేములో ఉన్నదంతా కలిపి సగటున మధ్యరకం బూడిద రంగులో రావాలని దాని లెక్క. మీద పడిన వెలుతురులో సుమారు 18 శాతం తిప్పి పంపే రంగది. ఇప్పుడు ఫ్రేము నిండా నల్ల ఎనుమును పెట్టండి. "అబ్బా, ఇంత చీకటా" అనుకుని కెమెరా వెలుతురు పెంచుతుంది. ఎనుము బూడిద పూసుకున్నట్టు వస్తుంది. తెల్ల పంచె, తెల్ల చొక్కా వేసుకున్న తాతను పెట్టండి. "మరీ వెలుతురు" అనుకుని తగ్గిస్తుంది. పంచె వారం రోజులు ఉతకనట్టు కనిపిస్తుంది. నా మధ్యాహ్నం ఫోటోలో సగానికి పైగా మెరిసే ఆకాశమే. కెమెరా ఆకాశానికి భయపడి వెలుతురు తగ్గించింది, పాపం బురుజు మునిగిపోయింది.

కాబట్టి ఎనుముకు మనం వెలుతురు తగ్గించాలి, అంటే మైనస్. పంచెకు పెంచాలి, అంటే ప్లస్. ఎవరికైనా మొదట తలకిందులుగానే అనిపిస్తుంది. నాకు నెల పట్టింది.

[తెర మీద: ఫోన్ స్క్రీన్ దగ్గరగా. వేలు బురుజు మీద తాకుతుంది, పక్కన సూర్యుడి గుర్తు వస్తుంది, దాన్ని పైకి జరుపుతున్నారు.]

చాలా ఫోన్లలో మీకు కావాల్సిన దాని మీద వేలు పెడితే ఇట్లా సూర్యుడి గుర్తు వస్తుంది. పైకి జరిపితే ప్లస్, కిందికి జరిపితే మైనస్. ఇప్పటి ఫోన్లు ముఖాలను గుర్తుపట్టి, రెండు మూడు ఫోటోలు కలిపి కొంత సర్దుకుంటాయిలెండి. అయినా ఆ గుర్తు మీద మీ వేలు ఉండటం వేరు.

టీచర్ ఆ రోజు నా ఫోటో బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. రెండో ఫోటో నా చేతే తీయించి రెండూ పక్కపక్కన పెట్టి చూపించారు. ఇంటికి పోయేటప్పుడు మాత్రం, "ముప్పై రోజులు ఈ బురుజునే తియ్యి, ఇంకేదీ తియ్యకు" అన్నారు. పన్నెండో రోజుకు విసుగొచ్చింది. పదిహేనో రోజు వాన పడింది, బురుజు ముందు గుంటలో బురుజు తలకిందులుగా కనిపించింది. ఆ రోజుకు విసుగు పోయింది.

[తెర మీద: ఇంటి గుమ్మం, తెల్లవారుజాము చీకటి.]

అసలు చిక్కు ఇక్కడొచ్చింది. మంచి వెలుతురు తెల్లవారుజామున ఉంటుంది. మా ఇంట్లో అమ్మ ఉంటుంది. "తెల్లారకముందే ఆడపిల్లకు బయట ఏం పనే?" ఈ మాటకు ఏ కెమెరా మాన్యువల్‌లోనూ జవాబు లేదు. హాబీ మొదలుపెట్టిన ఆడపిల్లల్లో చాలామంది ఆగిపోయేది లెన్స్ దగ్గర కాదని నేను గట్టిగా చెప్పగలను, గుమ్మం దగ్గరే.

టీచర్ మా ఇంటికి వచ్చారు. అమ్మకు నచ్చజెప్తారనుకున్నా. ఆమె నేరుగా వంటింట్లోకి పోయి, అమ్మ జొన్నరొట్టెలు తడుతుంటే పక్కన స్టూల్ వేసుకుని కూర్చున్నారు. కాసేపు ధరలు, మోకాళ్ల నొప్పులు. తర్వాత లేచి ట్యూబ్‌లైట్ ఆర్పేశారు.

"లైటు ఆర్పితే రొట్టె మాడేది యాడ కనపడతాది టీచరమ్మా?" అంది అమ్మ.

"ఒక్క నిమిషమమ్మా."

[తెర మీద: ఫోటో. కిటికీ ఎడమవైపు. అమ్మ ముఖం సగం వెలుతురులో, సగం నీడలో. చేతుల మధ్య రొట్టె. చుట్టూ పిండి దుమ్ము మెరుస్తోంది.]

ఇందులో ఏం జరిగిందో చూడండి. కిటికీ నుంచి వచ్చే పగటి వెలుతురుకు ఒక రంగు, ట్యూబ్‌లైట్‌కు ఇంకో రంగు. రెండూ ఒకే ముఖం మీద పడితే ఒక చెంప నీలంగా, ఒక చెంప పచ్చగా, జబ్బు మనిషిలా వస్తుంది. కెమెరా ఏదో ఒక వెలుతురును తెలుపు అనుకోవాలి, రెండింటికీ న్యాయం చేయలేదు. ఒకటి ఆర్పేస్తే గొడవ ఉండదు. ఇక వెలుతురు పక్క నుంచి రావడం వల్ల అమ్మ చేతి నరాలు, రొట్టె అంచున వేలిముద్రలు లేచి కనిపిస్తున్నాయి. ఎదురుగా ఫ్లాష్ కొట్టి ఉంటే ఇవన్నీ చదునైపోయేవి. పిండి దుమ్ము మెరవడానికి కారణం వెనక గోడ నీడలో ఉండటమే. తెల్ల గోడ ముందు అదే దుమ్ము కనపడదు.

అమ్మ ఆ ఫోటోను చాలాసేపు చూసింది. "ఇంత ముసల్దాన్నైపోయినానా" అంది. తర్వాత, "ఆదివారం నువ్వు కూడా ఉంటావు కదా టీచరమ్మా?" అంది. అప్పటి నుంచి ఐదున్నరకు పోతున్నా.

టీచర్ ఆ రోజు అమ్మకు చెప్పిన ఒక కథ మీకూ చెప్తా. జూలియా మార్గరెట్ కామెరాన్ అని ఒక బ్రిటిష్ ఫోటోగ్రాఫర్, 1815లో కలకత్తాలో పుట్టింది. 1863లో కూతురూ అల్లుడూ ఆమెకు ఒక కెమెరా బహుమతిగా ఇచ్చారు. అప్పటికి ఆమెకు 48 ఏళ్లు. కోళ్లగూడును గాజు పలకల గదిగా మార్చుకుని ముఖాలు తీయడం మొదలుపెట్టింది. ఫోకస్ సరిగ్గా లేదని అప్పటి ఫోటోగ్రఫీ పెద్దలు వెక్కిరించారు. ఆ మసక ముఖాల ఫోటోలే ఇప్పుడు మ్యూజియంలలో ఉన్నాయి. అమ్మ విని, "48కే ముసల్దంటారా ఏంది" అంది. కథలో అమ్మకు పట్టింది అదొక్కటే.

[తెర మీద: టీ బంకు, బెంచీ మీద పోస్ట్‌కార్డ్ సైజు ప్రింట్లు, పక్కన ఉగ్గాని బజ్జీ ప్లేట్లు.]

మా ఆదివారం గుంపు ఇది. ఆర్టీసీ మెకానిక్ అన్న, మెడికల్ షాపు అన్న, ఒక నర్సు అక్క, ఇద్దరు డిగ్రీ పిల్లలు, టీచర్, నేను. ఒక్కొక్కరు ఒక్క ప్రింట్ తేవాలి. ఫోన్‌లో చూపిస్తే ఒప్పుకోరు, ఎందుకంటే ఫోన్‌లో అందరం తోసేసి తర్వాతదానికి పోతాం. తీసినవాళ్లు మొదట నోరు తెరవకూడదు. "అసలు అక్కడ ఏం జరిగిందంటే" అని మొదలుపెట్టామా, ఫోటోలో లేని కథ మనం పూరించేస్తాం.

మెకానిక్ అన్న పద్ధతి నాకు బాగా ఇష్టం. ప్రింట్ చేతిలోకి తీసుకుని నాలుగు మూలలూ చూస్తాడు. ఒకసారి నేను తుంగభద్ర ఒడ్డున వల సర్దుకుంటున్న ముసలాయన ఫోటో తెచ్చా. అన్న తన బొటనవేలిని కుడివైపు మూల మీద పెట్టాడు. "ఇప్పుడు చూడు. తీసేస్తే నష్టమా?" వేలి కింద ఒక బిస్కెట్ కవర్ ఉంది. నేను దాన్ని అసలు చూడనే లేదు. అన్న వేలు తీసి, "ఆయన చూపుడువేలికి చుట్టుకున్న దారం మీద ఎండ పట్టినావు, అది మళ్లీ దొరకదు" అన్నాడు.

ముప్పై "సూపర్"లకూ ఈ రెండు మాటలకూ ఉన్న తేడా నాకు ఆ రోజే తెలిసింది. దారం గురించి చెప్పాడు కాబట్టే కవర్ గురించి చెప్పింది నమ్మా. మీరు ఎవరి ఫోటో కిందైనా కామెంట్ రాసేటప్పుడు ఇది ప్రయత్నించండి. ఫలానా చోట ఫలానాది అని వేలుపెట్టి చూపండి. రాయడానికి ఏమీ లేకపోతే రాయకపోయినా ఫర్వాలేదు.

మెడికల్ షాపు అన్న సాయం ఇంకో రకం. నేను సెకండ్ హ్యాండ్ కెమెరా కొన్నప్పుడు తన 50 ఎంఎం లెన్స్ నెల రోజులకు ఇచ్చాడు. జూమ్ ఉండదు, దగ్గరికి కావాలంటే కాళ్లతో నడవాలి.

[తెర మీద: ఒక అరచేతిలో పది రూపాయల బిళ్ల, చొక్కా గుండీ.]

ఈ లెన్స్ మీద 1.8 అని రాసి ఉంటుంది. 50ని 1.8తో భాగిస్తే సుమారు 28. వెలుతురు లోపలికి వచ్చే కంత వెడల్పు 28 మిల్లీమీటర్లన్నమాట, దాదాపు పది రూపాయల బిళ్లంత. కెమెరాతో పాటు వచ్చే మామూలు లెన్స్‌ను అంతే జూమ్‌లో పెడితే ఆ అంకె 5.6 దగ్గర్లో ఉంటుంది. 50ని 5.6తో భాగిస్తే 9 మిల్లీమీటర్లు, చొక్కా గుండీ అంత. రెండు కంతల వైశాల్యం చూస్తే వెలుతురులో దాదాపు పది రెట్లు తేడా. అందుకే సందె చీకట్లో బజ్జీల బండి కూడా ఫ్లాష్ లేకుండా వస్తుంది. దీనికో ఇబ్బంది ఉంది. అంత పెద్ద కంతతో దగ్గర నుంచి తీస్తే కన్ను స్పష్టంగా వచ్చి చెవి మసకబారుతుంది. మొదటి వారం నా ఫోటోలన్నింటిలో ముక్కు కొనలే బాగా వచ్చాయి.

[తెర మీద: చింతచెట్టు నిండా ఎర్రకాళ్ల కొంగలు.]

ఇది వీరాపురం, చిలమత్తూరు మండలం, ఉమ్మడి అనంతపురం జిల్లా. రాత్రి బస్సులో హిందూపురం దాకా పోయి అక్కడి నుంచి వెళ్లాం. ఊళ్లోని చెట్ల మీదే కొంగలు గూళ్లు పెడతాయి, ఊరివాళ్లు వాటి జోలికి ఎవరినీ పోనివ్వరు. డిగ్రీ కుర్రాడు గూడు దగ్గరగా కావాలని గోడ ఎక్కబోతే నర్సు అక్క చొక్కా పట్టుకుని లాగింది. "తల్లి లేచిపోతే పిల్లలకు ఎండ కొడతాది రా." గుంపులో నాకు నచ్చే సంగతి ఇదొకటి, వద్దని చెప్పేవాళ్లు కూడా ఉంటారు.

పక్షుల ఫోటోలకు తేదీ, చోటు రాసి ఈబర్డ్ అనే పక్షుల వెబ్‌సైట్‌లో పెడితే అవి రికార్డుగా మిగులుతాయి. అక్కడ పరిశీలించేవాళ్లూ ఎక్కువగా వాలంటీర్లే. నేను గద్దను డేగ అని పెడితే ఒకాయన ఓపికగా, "తోక చివర చీలిక చూడండి" అని రాశారు. మనుషుల వల్ల ముప్పున్న కొన్ని పక్షులైతే చోటు బయటికి కనపడకుండా దాస్తారు. కడప జిల్లా కలివికోడి సంగతి తెలుసు కదా. 1900 తర్వాత ఎవరికీ కనపడలేదు, అంతరించిందనుకున్నారు. 1986లో మళ్లీ దొరికింది, ఐతన్న అనే స్థానికుడి వల్ల. అలాంటి పక్షి లొకేషన్ రీల్‌లో పెడితే ఏమవుతుందో ఊహించుకోండి.

[తెర మీద: ఎండాకాలం, నీళ్లు దిగిన కృష్ణలో సంగమేశ్వరం గుడి.]

ఒక చేదు అనుభవం కూడా చెప్పేస్తా. శ్రీశైలం నీళ్లు తగ్గి సంగమేశ్వరం బయటపడినప్పుడు తీసిన ఈ ఫోటో, మరుసటి నెల ఒక ఫ్లెక్సీ మీద కనిపించింది. నా పేరు లేదు, నన్ను అడగనూ లేదు. ఏడుపొచ్చింది. టీచర్ మాత్రం, "ఒరిజినల్ ఫైల్ దాచినావా?" అన్నారు. మన దేశంలో 1957 కాపీరైట్ చట్టం ప్రకారం సొంతంగా తీసిన ఫోటో మీద హక్కు తీసినవాళ్లదే, ఎక్కడా రిజిస్టర్ చేయించక్కర్లేదు. ఒరిజినల్ ఫైల్‌లో తేదీ, కెమెరా వివరాలు ఉంటాయి, వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే అవి పోతాయి. ఫైల్ చూపించాక వాళ్లు సారీ చెప్పారు. డబ్బులు ఇవ్వలేదు, అది వేరే కథ. అదే ఫోటోను తర్వాత నేనే వికీమీడియా కామన్స్ అనే ఉచిత ఫోటోల వెబ్‌సైట్‌లో పెట్టా, పేరు వేసి ఎవరైనా వాడుకోవచ్చని.

[తెర మీద: బురుజు, ఇంకా వీధి దీపాలు వెలుగుతున్నాయి.]

వచ్చే ఆదివారం తెల్లవారుజామున ఐదున్నరకు బురుజు ముందు ఉంటాం. ఫోన్ ఉన్నా చాలు, ఛార్జింగ్ పెట్టుకుని రండి, లెన్స్ తుడవడానికి పాత కాటన్ గుడ్డ తెచ్చుకోండి, ఒక్క ప్రింట్ మరిచిపోవద్దు. టీ డబ్బులు ఎవరివి వాళ్లవే. ఇంట్లో ఒప్పుకోవడం లేదంటే శనివారం లోపు చెప్పండి, టీచర్‌ను పంపిస్తాం. రొట్టెలు తెస్తానని అమ్మ అంటోంది కానీ, దానికి నేను పూచీ కాదు.