పెద్ద ఫర్నేస్ పెట్టేస్తే చలి పోతుందా?

యాంకర్: తర్వాతి కాల్ తీసుకుందాం. హలో, చెప్పండమ్మా.

శ్రోత: నమస్తే అండీ. ఇల్లంతా వెచ్చబరిచే మా గ్యాస్ ఫర్నేస్ పాతికేళ్లది. వంటగది, కింది అంతస్తు రినోవేషన్ పెట్టుకున్నాం. పని మొదలయ్యేలోపే ఇంకా పెద్ద ఫర్నేస్ పెట్టించేద్దామంటున్నారు మావారు. వెనక బెడ్‌రూమ్ ఎంతకీ వెచ్చబడదండీ.

నిపుణుడు: ఆ గది తలుపు వేస్తే చలి ఇంకా పెరుగుతుందా?

శ్రోత: అవునండీ! తలుపు కింద సందులోంచి ఈల వేసినట్టు గాలి పోతుంది కూడా.

నిపుణుడు: అదీ సంగతి. ఫర్నేస్ నుంచి డక్టుల్లో, అంటే గాలి గొట్టాల్లో, లోపలికొచ్చిన వేడిగాలి తిరిగి వెళ్లడానికి దారి లేదు. గాలిని ఫర్నేస్‌కి తిరిగి తీసుకెళ్లే రిటర్న్ డక్ట్ లేనప్పుడు ఎంత పెద్ద ఫర్నేస్ పెట్టినా ఆ గది కథ అంతే. పైగా అవసరానికి మించిన సైజైతే కాసేపు మండి ఆగుతుంది, మళ్లీ వెలుగుతుంది. ఆ ఆగడం, వెలగడంతోనే మెషీన్ అరిగిపోతుంది.

శ్రోత: మరి ముందు ఏది చేయించాలండీ?

నిపుణుడు: సీలింగ్ విప్పినప్పుడే డక్టులు చేయించండి, మూసేశాక ఎవరూ ముట్టుకోరు. రిటర్న్ వేయించి, జాయింట్లకు గాలి కారకుండా మూసే మాస్టిక్ పేస్టు పూయించండి. పేరుకి డక్ట్ టేపే గానీ, ఆ బట్ట టేపు వేడికి జిగురెండి ఊడిపోతుంది. పాత జాయింట్ల మీద తెల్ల కాగితంలాంటి చుట్టు ఉంటే మాత్రం గోకొద్దు. పీలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్‌బెస్టాస్ కావచ్చు, ముందు పరీక్ష చేయించండి.

శ్రోత: ఫర్నేస్ సైజు?

నిపుణుడు: కొత్త కిటికీలు, ఇన్సులేషన్ కలుపుకుని హీట్ లోడ్, అంటే ఇంటికి ఎంత వేడి కావాలో, లెక్క కట్టించండి. పాత మెషీన్ మీద నంబరు చూసి సైజు చెప్పేవాళ్లను నేనైతే నమ్మను. చాలా ఇళ్లలో చిన్నదే సరిపోతుంది.

శ్రోత: 95 శాతం ఎఫిషియెన్సీది తీసుకోమన్నారండీ.

నిపుణుడు: మంచిదే. కానీ దానికి ప్లాస్టిక్ పైపుతో పొగ బయటికి పంపాలి, పొగ చల్లబడి ఊరే నీళ్లకు డ్రెయిన్ కావాలి. అవి ఇప్పుడే ప్లాన్‌లో పెట్టించండి. మీ గ్యాస్ వాటర్ హీటర్ కూడా పాత ఫర్నేస్ చిమ్నీలోకేనా?

శ్రోత: అవుననుకుంటానండీ.

నిపుణుడు: అయితే జాగ్రత్త. ఫర్నేస్ తీసేశాక అంత పెద్ద చిమ్నీని హీటర్ ఒక్కటే వేడెక్కించలేదు. చల్లటి చిమ్నీలో పైకి లేవక పొగ ఇంట్లోకే తిరగబడొచ్చు, అందులోని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌తో ఆటలొద్దు. చిమ్నీ లోపల సరైన సైజు గొట్టం, అంటే లైనర్, వేయించండి, ఆ వాయువును పసిగట్టే అలారం పెట్టుకోండి.

శ్రోత: కొత్త ఫర్నేస్ ఎప్పుడు పెట్టించమంటారు?

నిపుణుడు: దుమ్ము పనంతా అయ్యాక. గోడలు రుద్దుతుంటే ఫర్నేస్ ఆపేసి, వెంట్లు కప్పేయండి. ఆ పిండిలాంటి దుమ్ము గాలి తోసే బ్లోవర్‌లోకి వెళ్తే కొత్తదైనా పాడే.

శ్రోత: మావారు పక్కనే వింటున్నారండీ.

నిపుణుడు: అయితే సార్, ఈ రాత్రి ఆ బెడ్‌రూమ్ తలుపు తెరిచి పడుకోండి, తేడా మీకే తెలుస్తుంది.