‘బంగారు తల్లి’ అని మెచ్చుకునే ముందు

అందరికీ నమస్కారం. ఇంటి బరువంతా మోస్తున్న పిల్లల గురించి మాట్లాడతానంటే, పండగ పూట ఈ గొడవ ఎందుకని మన తెలుగు సంఘం పెద్దలు కొంచెం నసిగారు. మనమంతా ఒకచోట చేరేది పండగలకే కదా, మరి ఇంకెప్పుడు మాట్లాడాలి?

మన బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు అనంతపురం, కదిరి, మదనపల్లె నుంచి బేల్దారి పనులకు వచ్చిన కుటుంబాలు మీకు తెలిసినవే. అలాంటి ఒక ఇంట్లో ఎనిమిదో తరగతి పిల్ల. శనివారం బటవాడా. తండ్రి కంటే ముందే మేస్త్రీ దగ్గరికి పరిగెత్తి ఇంటి ఖర్చుకు డబ్బు తెచ్చుకుంటుంది. ఆలస్యమైతే ఆ డబ్బు బారుకు పోతుంది. తల్లికి కన్నడం రాదు. కరెంటు బిల్లు, ఓనరుతో మాటలు, బ్యాంకు ఓటీపీ, అన్నీ ఈ పిల్లే. ఆస్పత్రిలో డాక్టరు గర్భసంచిలో గడ్డ ఉందని, ఆపరేషన్ పడొచ్చని కన్నడంలో చెబితే, తల్లివైపు తిరిగి, "ఏం లేదమ్మా, స్కానింగ్ తీయాలంట" అంది. ఆపరేషన్ మాట మింగేసింది. ఆ టెన్షన్ వారమంతా తనొక్కతే పడింది.

చుట్టుపక్కల వాళ్లేమో "బంగారు తల్లి, ఎంత బాధ్యతో!" అంటారు. ఆ మెచ్చుకోలుతోనే నాకు పేచీ. ఒకసారి ఆ పేరొచ్చాక పిల్ల ఇక "నా వల్ల కాదు" అనలేకపోతుంది.

పిల్లలు పని చేయకూడదని నేననను. మనమూ బిందెలు మోశాం, తమ్ముళ్లను ఎత్తుకున్నాం. కుళాయి రాకపోతే "అమ్మా, నీళ్లు రాలేదు" అని చెప్పేసి ఆటకు పోయాం. ఈ పిల్లకు అలా చెప్పి వదిలేయడానికి ఎవరున్నారు? పైగా రాత్రి తల్లి పక్కన పడుకుని, "నువ్వు తప్ప నాకెవరున్నారే" అని మొగుడి సంగతులన్నీ చెప్పుకుంటుంది. అంట్లు తోమితే అయిపోతాయి. ఇది అయిపోదు. అలాగని ఆ తల్లిని తప్పుపట్టను, ఈ ఊళ్లో ఆమెకు చెప్పుకోవడానికి ఇంకో మనిషి లేదు.

పిల్లలు తల్లిదండ్రులకే తల్లిదండ్రులైపోయే ఈ పరిస్థితిని పేరెంటిఫికేషన్ అంటారు. హంగేరీలో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ మానసిక వైద్యుడు బోసోర్‌మేన్యి నాజ్ 1970లలో దీని గురించి రాశారు. ఆయన లెక్కలో ప్రతి కుటుంబానికీ ఒక ఖాతా ఉంటుంది. చిన్నప్పుడు పిల్ల ఇచ్చింది ఎవరూ జమ కట్టకపోతే, పెద్దయ్యాక ఆ బాకీని తన పిల్లల దగ్గర వసూలు చేస్తుంది, తెలియకుండానే.

బళ్లో టీచర్లకు ఈ పిల్లలు కనబడరు. అల్లరి చేయరు కదా. ఆఖరి పీరియడ్లో కునుకు తీస్తారు, అంతే.

తాగుడు మాన్పించే వైద్యం మన ఊళ్లోని మానసిక వైద్యశాల నిమ్హాన్స్‌లోనే ఉంది. మనసు బాగోలేనప్పుడు ఫోన్లో మాట్లాడే ప్రభుత్వ సేవ టెలీ మానస్ 2022లో మొదలైంది, నంబరు 14416, తెలుగులోనూ మాట్లాడతారు. పిల్లల మీద చెయ్యి పడుతుంటే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయండి. ఆ ఫోన్ కూడా పిల్ల చేతే చేయించకండి.

సాయం చేస్తామని మీరు వాళ్లింటికి వెళ్లగానే ఆ పిల్ల డబ్బు లెక్క మీ చేతిలో పెట్టదు. పెట్టమని అడగొద్దు కూడా, ఇన్నాళ్లూ ఇల్లు నిలబెట్టింది తనే. ముందు ఆస్పత్రి పని మనం తీసుకుందాం. కన్నడం బాగా వచ్చి, పగటిపూట ఆ తల్లితో వెళ్లగలిగిన ఆడవాళ్లు భోజనాల దగ్గర నాకు పేర్లివ్వండి.