తూకం దగ్గర మొదలైన సమ్మె

సభకు నమస్కారం.

అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో లడ్లో అనే చోటు పేరెత్తితే ఎవరైనా 1914 ఏప్రిల్ 20 నాటి మంటల గురించే చెబుతారు. నేను కాటా దగ్గర మొదలుపెడతాను. గొడవ పుట్టింది అక్కడ.

ఆ బొగ్గు గనుల్లో కూలి టన్నుల లెక్కన. కప్పు కూలకుండా కర్రలు నిలబెట్టినా, పట్టాలు వేసినా, రాళ్లు తీసి పారేసినా పైసా రాదు. తవ్విన బొగ్గునైనా సరిగ్గా తూచేవారా అంటే, కాటా కంపెనీది, లెక్క రాసేవాడు కంపెనీ మనిషి. కప్పు భద్రం చూసుకుంటే ఆ పూట పస్తు. అక్కడి గని చావులు అమెరికా సగటుకు రెట్టింపు ఉండటానికి ఇదీ ఒక కారణమే అంటాను.

పనివాళ్లు గ్రీకులు, ఇటాలియన్లు, స్లావులు, మెక్సికన్లు. 1903 సమ్మెను విరగ్గొట్టడానికి చాలామందిని కంపెనీలే రప్పించాయి. ఒకరి మాట ఒకరికి తెలియనివాళ్లు ఏకం కాలేరని వాళ్ల ధీమా. పదేళ్లు తిరిగేసరికి, 1913 సెప్టెంబరులో, అలా వచ్చినవాళ్లలో ఎందరో తామే సమ్మె కట్టారు. అడిగిందేమిటి? తూకం చూడటానికి తమ మనిషి, ఎనిమిది గంటల పని, నచ్చిన దుకాణంలో సరుకులు కొనుక్కునే హక్కు, యూనియన్‌కు గుర్తింపు. వీటిలో కొన్ని అప్పటికే రాష్ట్ర చట్టంలో ఉన్నవే!

కంపెనీ ఇళ్లు ఖాళీ చేయించింది. లడ్లో గుడారాల్లో సుమారు 1,200 మంది ఆ చలికాలమంతా గడిపారు. అన్నిటికన్నా పెద్ద కంపెనీ చమురు కుబేరులైన రాక్‌ఫెల్లర్ కుటుంబం చేతిలో ఉండేది. ఆస్తి మొత్తం పోయినా, పనివాళ్లు చచ్చినా యూనియన్‌ను ఒప్పుకోమన్న ఈ పట్టు విడవరా అని ఏప్రిల్ మొదట్లో చట్టసభ సంఘం అడిగితే, ఇది గొప్ప సూత్రం అన్నాడు చిన్న రాక్‌ఫెల్లర్. ఆ జవాబు చదివిన ప్రతిసారీ నాకు ఒళ్లు మండుతుంది.

రెండు వారాలకు, గ్రీకుల ఈస్టర్ మర్నాడు, రాష్ట్ర సైనికులు మెషిన్ గన్లతో కాల్చారు. గుడారాలు తగలబడ్డాయి. ఒక గుడారం కింద తవ్వుకున్న గోతిలో 11 మంది పిల్లలు, ఇద్దరు తల్లులు ఊపిరాడక చనిపోయారు. గ్రీకు నాయకుడు లూయిస్ టికాస్‌ను పట్టుకుని, వెనక నుంచి కాల్చి చంపారు. పనివాళ్లు తుపాకులు పట్టారు. పది రోజుల పోరు తర్వాత అధ్యక్షుడు విల్సన్ కేంద్ర సైన్యాన్ని దించాడు.

డిసెంబరుకు యూనియన్ దగ్గర డబ్బు అయిపోయి సమ్మె ఆగింది. కాల్చినవాళ్లను సైనిక న్యాయస్థానం వదిలేసింది. రాక్‌ఫెల్లర్ల కంపెనీ గని కార్మికుల యూనియన్‌ను గుర్తించింది 1933లో.