శనివారం చర్చికి వెళ్ళే ఊళ్ళో

హోస్ట్: అందరికీ వందనాలండీ. పాలకొల్లు నుంచి మాట్లాడుతున్నాం. వెనకాల ఫ్యాన్ చప్పుడు వినిపిస్తే ఏమీ అనుకోకండి, అది ఆపితే ఇద్దరం ఉడికిపోతాం. ఇవాళ మనతో ఉన్న అక్కది రాజోలు దగ్గర పల్లెటూరు. స్కూల్లో టీచరు, ఆదివారం సండేస్కూల్ టీచరు. ఈ వేసవిలో వాళ్ళ సంఘం యూత్‌తో కలిసి నేపాల్‌కి మిషన్ ట్రిప్ వెళ్ళొచ్చారు. అక్కా, ట్రిప్ మొత్తం వద్దు. మొదటి రోజులే చెప్పండి.

అక్క: మొత్తం చెప్పమన్నా నా దగ్గర ఉన్నది ఆ మొదటి రోజులే తమ్ముడూ. తర్వాత అలవాటైపోయింది, చెప్పడానికేం మిగల్లేదు.

హోస్ట్: ఫారిన్ అనగానే వీసా, ఇంటర్వ్యూ అని టెన్షన్ పడతాం కదా.

అక్క: నేపాల్‌కి మనకి వీసా అక్కర్లేదు. పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ ఉంటే చాలు. ఆధార్ మాత్రం అందరికీ చెల్లదు. పదిహేనేళ్ళ లోపు పిల్లలకీ, అరవై ఐదు దాటిన వాళ్ళకీ అయితే సరిపోతుంది. మేం ఫైళ్ళలో జిరాక్సులు, ఫోటోలు వెతుక్కుంటుంటే మా సంఘపెద్ద ఒకాయన ఆధార్ చూపించి అవతలికి వెళ్ళిపోయి, అక్కడ టీ తాగుతూ మమ్మల్ని చూసి నవ్వుతున్నారు.

హోస్ట్: ఏ దారిలో వెళ్ళారు?

అక్క: విజయవాడలో రప్తీసాగర్ రైలు ఎక్కితే గోరఖ్‌పూర్. అక్కణ్ణుంచి సునౌలీ. బోర్డర్ అంటే ఏదో ఉంటుందనుకున్నాం, తీరా చూస్తే ఒక గేటు, దాని కింద నుంచి రిక్షాలు, సైకిళ్ళు, కూరగాయల సంచులు. దాటగానే గడియారం పదిహేను నిమిషాలు ముందుకి తిప్పుకోమన్నారు. మన వంద రూపాయలకి వాళ్ళవి 160. దాంతో మా కుర్రాళ్ళు ఒక్కసారిగా షావుకార్లైపోయారు, ప్రతి కొట్టు ముందూ ఆగడమే.

హోస్ట్: (నవ్వుతూ) ఆ తర్వాత కొండలు.

అక్క: అసలు కథ అక్కడే ఉంది. నారాయణ్‌ఘాట్ దాటాక ముగ్లింగ్ దాకా రోడ్డుకి ఒక పక్క కొండ, ఇంకో పక్క కింద త్రిశూలీ నది. మన పిల్లలు జీవితంలో ఎక్కిన పెద్ద ఎత్తు చించినాడ వంతెన! గంట తిరిగేసరికి ఒక్కొక్కరూ వాంతులు. కండక్టరు ఏమీ అనలేదు. అలవాటైనవాడిలా ప్లాస్టిక్ కవర్ల కట్ట తీసి వెనక్కి అందించాడు. నేను ఇంటి నుంచి పట్టుకెళ్ళిన ఉప్పు ఉసిరికాయలు మొదటి రోజే అయిపోయాయి. మలేఖు దగ్గర దిగి, ధాదింగ్ వైపు వేరే బండి, ఆ పైన జీపు. చేరేసరికి శుక్రవారం రాత్రి. బట్టలు మార్చుకుని పడుకుందామనుకుంటుంటే అక్కడి పాస్టరుగారు, "పొద్దున్నే ఆరాధన, త్వరగా లేవండి" అన్నారు.

హోస్ట్: శనివారం ఆరాధనా?

అక్క: వాళ్ళకి వారాంతపు సెలవు శనివారం. మేం వెళ్ళినప్పుడు ఆదివారం ఆఫీసులు, బడులు అన్నీ నడిచాయి. అందుకని అక్కడ చర్చి శనివారమే. చెప్పులు బయట విడిచి, చాప మీద కూర్చోవడం, ఆడవాళ్ళు ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క, అదంతా మన ఊళ్ళ లాగే. డోలకు బదులు మాదల్ వాయిస్తారు. కనబడిన ప్రతివాళ్ళూ రెండు చేతులూ జోడించి "జయ్ మసీహ్" అంటారు. మొహమాటపడే మా అమ్మాయిలు కూడా మధ్యాహ్నానికల్లా ఎదురెళ్ళి అంటున్నారు. వింత ఏంటంటే, మర్నాడు ఆదివారం. మా వాళ్ళందరికీ అలవాటు కొద్దీ పొద్దున్నే మెలకువ వచ్చేసింది, తలస్నానాలు కూడా అయిపోయాయి. వెళ్ళడానికి చర్చి లేదు. ఊళ్ళోవాళ్ళు కొడవళ్ళు, గంపలు పట్టుకుని పనిలోకి పోతున్నారు. మేం అరుగు మీద కూర్చుని మాలో మేమే రెండు పాటలు పాడుకున్నాం.

హోస్ట్: మరి వీబీఎస్, అదే, సెలవుల్లో పిల్లలకి పెట్టే బైబిలు స్కూలు? దాని కోసమే కదా వెళ్ళింది?

అక్క: ఛార్టులు, రంగు కాగితాలు, యాక్షన్ సాంగ్స్, అన్నీ రెడీ. పొద్దున తొమ్మిది నుంచి పన్నెండున్నర దాకా అని టైమ్‌టేబుల్ కూడా ఇక్కడే ప్రింట్ తీయించుకెళ్ళాం. అక్కడ చూస్తే పిల్లలు యూనిఫాం వేసుకుని బడికి దిగిపోతున్నారు. వాళ్ళ చదువుల సంవత్సరం వైశాఖంలో, అంటే ఏప్రిల్ మధ్యలో మొదలవుతుంది. మనకి మే అంటే ఎండలు, సెలవులు, మామిడిపళ్ళు. వాళ్ళకి మే అంటే కొత్త పుస్తకాల వాసన. బడి పదింటి నుంచి నాలుగింటి దాకా. పాస్టరుగారు మా కాగితం చూసి నవ్వాపుకుని, "పొద్దున ఆరున్నరకి ఒక గంట, సాయంత్రం ఒక గంట చేద్దాం" అన్నారు.

హోస్ట్: మధ్యలో రోజంతా ఖాళీ!

అక్క: ఆ ఖాళీయే బాగుంది తమ్ముడూ. నన్నడిగితే ఏ టీమ్ వెళ్ళినా మొదటి మూడు రోజులూ ప్రోగ్రామ్ పెట్టుకోకూడదు. మనం స్టేజీ ఎక్కి మాట్లాడుతుంటే వాళ్ళేం చేస్తున్నారో మనకి కనబడదు. ఖాళీగా ఉండబట్టే మేముంటున్న ఇంటి పెద్దావిడ వెనకాల వెళ్ళాను. నీళ్ళకి కిందికి దిగాలి. వీపు మీద డోకో అని శంకువు ఆకారంలో వెదురు బుట్ట, దాంట్లో రాగి బిందె. ఆ బుట్ట బరువంతా నుదుటి మీదున్న పట్టీ మోస్తుంది, దాన్ని నామ్లో అంటారు. ఆవిడ రెండు చేతులూ వదిలేసి, మెడ ముందుకి వంచి, మాట్లాడుకుంటూ ఎక్కేస్తోంది. నేను ఖాళీ చేతులతో నాలుగు చోట్ల ఆగాను. మనకి వాకిట్లో కాలువ పారుతుంది. ఏప్రిల్‌లో కాలువలు కట్టేస్తేనే గోల పెడతాం.

హోస్ట్: తిండి సంగతి?

అక్క: పొద్దున్నే వట్టి టీ. టిఫిను లేదు. పది గంటలకి దాల్ భాత్, మళ్ళీ రాత్రికి దాల్ భాత్. ఎనిమిదింటికి ఇడ్లీ పడకపోతే తల తిరిగే బ్యాచ్ మాది, మొదటి పూట మొహాలు చూడాలి! కానీ పది గంటలకి ఆ అన్నం గుట్ట చూశాక అందరికీ ప్రాణం లేచొచ్చింది. అన్నం పెట్టడంలో వాళ్ళు మనవాళ్ళే, వద్దన్నా వినరు. గుంద్రుక్ అని, ఆకుకూర పులియబెట్టి ఎండబెడతారు, దాని పులుసు పుల్లపుల్లగా భలే ఉంటుంది. మేం కొత్తావకాయ, ఆత్రేయపురం పూతరేకులు పట్టుకెళ్ళాం. పూతరేకుల్ని వాళ్ళు కాగితం అనుకుని విప్పబోయారు.

హోస్ట్: భాష ఎలా?

అక్క: ఇరవై మార్కులకి పాసయ్యే మన హిందీ! అక్కడి పాస్టరుగారు కుర్రతనంలో ఇండియాలో పనిచేసిన మనిషి, ఆయన హిందీయే మమ్మల్ని కాపాడింది.

హోస్ట్: ఒక సీరియస్ ప్రశ్న. నేపాల్‌లో మతమార్పిడి నేరం కదా?

అక్క: అవును. 2015 రాజ్యాంగంలోనే ఉంది. 2018 నుంచి అమల్లోకి వచ్చిన శిక్షాస్మృతి ప్రకారం ఎవరినైనా మతం మారిస్తే, మారమని ప్రోత్సహించినా, ఐదేళ్ళ దాకా జైలు, 50,000 నేపాలీ రూపాయల దాకా జరిమానా. విదేశీయులైతే శిక్ష అయ్యాక దేశం నుంచి పంపించేస్తారు. అందుకని మొదటి రాత్రే పాస్టరుగారు కూర్చోబెట్టి చెప్పారు. రోడ్డు మీద కరపత్రాలు పంచడం లేదు, ఇంటింటికీ వెళ్ళడం లేదు, వీబీఎస్‌కి సంఘస్తుల పిల్లలే, అదీ తల్లిదండ్రులకి చెప్పి. మా కుర్రాళ్ళలో ఒకరిద్దరికి ఇది నచ్చలేదు. "భయపడితే మిషన్ ఏంటి" అన్నారు. నేను గట్టిగానే చెప్పాను: మనం సెలవులైపోగానే రైలెక్కేస్తాం, కేసు పడితే ఇక్కడ మోసేది ఆయన, ఆయన పెళ్ళాం బిడ్డలు. ఇంటాయన గడప దాటొద్దంటే దాటకూడదు, అంతే.

హోస్ట్: నాకు మన నరసాపురం గుర్తొస్తోంది. 1836లో ఇంగ్లండు బార్న్‌స్టేపుల్ నుంచి బౌడెన్, బీర్ అనే ఇద్దరు మిషనరీలు భార్యలతో ఇండియాకి వచ్చారు. గోదావరి డెల్టా మిషన్ వాళ్ళతోనే మొదలు.

అక్క: వాళ్ళు రిటర్న్ టికెట్‌తో రాలేదు తమ్ముడూ! కూర్చుని తెలుగు నేర్చుకున్నారు. మనం చేసేది ట్రిప్, దానికి మిషన్ అని పెద్ద పేరు పెట్టుకుంటున్నాం. చుట్టపుచూపు అంటే సరిపోతుంది.

హోస్ట్: మరి ఆ రైలు ఖర్చులు, జీపు డబ్బులు నేరుగా అక్కడికే పంపేస్తే పోయేది కదా? చాలామంది అడుగుతారు.

అక్క: అడగాలి కూడా. మా అత్తగారే అడిగారు. నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఒకటి చెప్తాను. 2015 ఏప్రిల్ 25న భూకంపం వచ్చింది శనివారం, మధ్యాహ్నం పన్నెండు కావస్తోంది. చాలా చర్చిల్లో జనం ఆరాధనలో ఉన్నారు. మేం వెళ్ళిన చర్చి కూడా రాయీ మట్టీ కట్టడం, అప్పుడే కూలింది, ఇప్పుడున్నది రేకుల షెడ్డు. ఒక ముసలాయన ఇదంతా చెప్పి ఆగిపోయారు. మాలో ఎవరికీ ఏమనాలో తెలియలేదు. అప్పుడు మా సంఘపెద్ద లేచి 1996 నవంబర్ 6 రాత్రి సంగతి ఎత్తారు. కోనసీమ తుపాను, పడిపోయిన కొబ్బరితోటలు, పొద్దున లేచి ఎవరున్నారో ఎవరు లేరో లెక్క చూసుకోవడం. పాస్టరుగారు ముక్కముక్కగా నేపాలీలో చెప్తున్నారు. ఆ ముసలాయన జరిగి వచ్చి మా పెద్దాయన పక్కన కూర్చున్నారు. ఆ రోజు వాక్యం ఎవరూ చెప్పలేదు. ఇది మనియార్డరులో పంపొచ్చా అంటే, పంపలేం. అలాగని రేకుల షెడ్డుకి గోడలు మా సాక్ష్యాలతో లేవవు. అందుకని ఈసారి ట్రిప్‌కి ఎంత ఖర్చు పెడితే అంత కానుకగా కూడా పోగుచేయాలని మా పాస్టరుగారితో వాదన పెట్టుకున్నాను. ఇంకా తేలలేదు.

హోస్ట్: అయితే వచ్చే వేసవికి మళ్ళీ ధాదింగ్?

అక్క: వేసవికి కాదు, వాళ్ళ బడి సెలవులు ముందు కనుక్కుంటాం! ఈలోగా వాళ్ళే క్రిస్మస్‌కి ఇటు వస్తామంటున్నారు. సముద్రం చూడాలట, అంతర్వేది తీసుకెళ్తామని మాటిచ్చేశాం. శనివారం ఇక్కడ చర్చి ఉండదని ఆ పిల్లలకి ఎవరైనా చెప్పాలి. నా బెంగంతా దోమల గురించే. ఎన్ని దోమతెరలు కావాలో లెక్క వేస్తున్నాను, నీ దగ్గర ఒకటుంటే ఇవ్వు.

హోస్ట్: రెండిస్తానక్కా.